ఫ్రిజ్ వెనక తెల్లగుడ్డ

ఆగస్టు 8, శుక్రవారం

రసజ్ఞ వాళ్ళమ్మగారు ఎల్లుండి వస్తున్నారు. మా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. కాగితం మీద రాసి చూసుకుంటే గాని నమ్మకం కలిగేలా లేదని, ఎక్కడో పడేసిన ఈ డైరీ వెతికి తీశాను.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. రసజ్ఞ వాళ్ళ ఊరు రాజోలు నుంచి ఎవరూ రాలేదు. మామగారు విశ్వేశ్వరరావుగారికి నా పేరులో కిరణ్ వరకు అభ్యంతరం లేదు. పాల్ దగ్గరే ఆగిపోయారు.

ఇప్పుడు రసజ్ఞకి ఏడో నెల. మొదటి పురుడు పుట్టింట్లో పోయడం వాళ్ళ ఆనవాయితీ, ఆ గుమ్మమేమో మాకింకా తెరుచుకోలేదు. అందుకని అత్తయ్యగారే ఇక్కడికొచ్చి రెండు వారాలు ఉండి చూస్తానన్నారట. కుదురుతుందనిపిస్తే పురుడయ్యేదాకా ఉంటారు. లేకపోతే లేదు. మా అమ్మ ప్రసవాల వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి, పిలిస్తే రెక్కలు కట్టుకుని వాలిపోతుంది. కానీ నిన్న రసజ్ఞ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. "మీ అమ్మగారంటే నాకు ఇష్టమే కిరణ్. కానీ నొప్పులొచ్చినప్పుడు నేను మా అమ్మనే కదా పిలుస్తాను" అంది.

కాబట్టి ఆవిడకి ఇక్కడ కుదరాలి. కుదిరేలా చేస్తాను. నాకేం కంగారు లేదు.

ఆగస్టు 9, శనివారం

పొద్దున లేచినప్పటి నుంచి ఒకటే పని. శ్రావణమాసంలో అత్తయ్యగారు నీచు ముట్టరని రసజ్ఞ చెప్పింది. ఐసు గడ్డల మధ్య దాచుకున్న చేపముక్కలన్నీ ఎదురింటి సౌజన్యగారికి ఇచ్చేశాను. ఫ్రిజ్ లోపల సబ్బుతో ఒకసారి, నిమ్మచెక్కలతో ఒకసారి, వంటసోడాతో ఒకసారి కడిగాను. తల లోపల పెట్టి వాసన చూశాను. రసజ్ఞ ఫోటో తీసి నవ్వింది.

హఫీజ్‌పేట్ బ్యాచిలర్ రూములో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండులో కొన్న ఫ్రిజ్ ఇది. ఒంటి తలుపుది. వెనకాల నల్లటి కాయిల్ పైనుంచి కిందదాకా బయటికే కనిపిస్తుంది. వంటింట్లో పూర్తిగా పట్టక, వంటింటికీ హాలుకీ మధ్య, హాల్లోకి వీపు పెట్టి నిలబెట్టాం. ఇప్పుడు చిక్కంతా ఆ వీపుతోనే. దేవుడి అర పెట్టడానికి ఉన్నది ఈశాన్యం మూల ఒక్కటే. అది సరిగ్గా ఫ్రిజ్ వెనకుంది. అర బిగించి, దానికి వీపు ఆనించి నిలబడి చూశాను, అక్కణ్ణుంచి దేవుడికి ఏం కనిపిస్తుందోనని. బూజు, దుమ్ము, ఎండిపోయిన ఒక బొద్దింక.

దులపాలి. కానీ దులిపితే హాలంతా దుమ్ము, రసజ్ఞకి తుమ్ములు. పైగా ఫ్రిజ్ జరపడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. కప్పేస్తే పోతుందిగా అనిపించింది. అమ్మ క్రిస్మస్‌కి కుట్టి పంపిన తెల్ల బల్లగుడ్డ తీశాను. మందమైన గుడ్డ, అంచుకి లేసు, ఒక మూల చిన్న సిలువ, దాని చుట్టూ ఆకుల తీగ. నాలుగు వైపులా టేపు వేసి, ఎక్కడా సందు లేకుండా బిగించాను. కాయిల్ మాయం.

నేను చేసేది టెస్టింగు ఉద్యోగం. తప్పుని కప్పేసి పైకి పంపినవాళ్ళని పట్టుకోవడమే నా పని. అయినా సరే, గుడ్డ బావుంది.

ఆగస్టు 10, ఆదివారం

వచ్చారు. లింగంపల్లి స్టేషన్లో "నమస్కారమండీ అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ తల వంచి, కూతురి వైపు తిరిగి, "మీ ఆయన టిఫిను తిన్నారామ్మా?" అన్నారు. ఆవిడ సంచులు రెండూ పట్టుకుని నేను పక్కనే ఉన్నాను.

"తిన్నావా కిరణ్?"

"తిన్నాను."

"తిన్నాడటమ్మా."

పుప్పాలగూడ చేరేదాకా క్యాబులో ఇదే వరస. నాకూ ఆవిడకీ మధ్య రసజ్ఞ దుబాసీ.

దేవుడి అర చూసి ఆవిడ చాలాసేపు నిలబడ్డారు. తర్వాత దానికెదురుగా ఉన్న తెల్లగుడ్డని చూశారు. సంచిలోంచి దేవుళ్ళని ఒక్కొక్కరినే తీసి అరలో సర్దారు. ఇప్పుడు వాళ్ళంతా మా అమ్మ లేసుని చూస్తూ కూర్చున్నారు. ఎవరికీ అభ్యంతరం ఉన్నట్టు లేదు.

ఆగస్టు 12

పాలు విరిగాయి. ప్యాకెట్టు మంచిది కాదేమో.

ఆగస్టు 14

పెరుగు పుల్లటి పులుపు. రాజోలు నుంచి చిన్న స్టీలు క్యానులో తెచ్చుకున్న తోడు వేసి, ఆవిడ చేత్తో తోడుపెట్టిన పెరుగు. "అమ్మ చేతి పెరుగు ఎప్పుడూ ఇలా అవ్వదే" అని రసజ్ఞ నోరు జారింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. నేను గబగబా రెండుసార్లు వేయించుకుని తిన్నాను. పళ్ళు జిల్లుమన్నాయి.

ఫ్రిజ్ మాత్రం పాపం క్షణం ఆగకుండా గుర్రుమంటూ పని చేస్తూనే ఉంది. దాని తప్పేం లేదు.

ఆగస్టు 15

సెలవు. ఫ్రిజ్ లోపల మళ్ళీ కడిగాను. చల్లదనం మీట చివరిదాకా తిప్పాను. నేను కడుగుతున్నంతసేపూ అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డారు. "మీ ఆయన్ని కాసేపు కూర్చోమనమ్మా, సెలవు రోజు కూడా ఎందుకంత శ్రమ" అన్నారు రసజ్ఞతో.

కొంగు ఎందుకు పెట్టుకున్నారో నాకు తెలుసు. చేపల వాసన. మనకి అలవాటైపోయి తెలియదు గాని, వచ్చినవాళ్ళకి తెలుస్తుంది. పైకి అనలేకపోతున్నారు.

ఆగస్టు 17

ఆవిడ ఫ్రిజ్ తలుపు తీయడం మానేశారు. పొద్దుటికి పొద్దున, సాయంత్రానికి సాయంత్రం పాలు తెప్పిస్తున్నారు. కూర ఆ పూటకి ఎంత కావాలో అంతే వండుతున్నారు. కొత్తిమీర కిటికీలో గ్లాసు నీళ్ళలో నిలబడి ఉంది.

నా ఫ్రిజ్‌ని వెలివేశారు. నాకేం బాధ లేదు. చర్చిలో పాస్టరుగారు ఓర్పు గురించి చెప్తున్నంతసేపూ నేను కొత్తిమీర గురించే ఆలోచించాను.

ఆగస్టు 18

టిక్కెట్టు తీయించుకున్నారు. వచ్చే ఆదివారం సాయంత్రం, లింగంపల్లి నుంచి.

"అమ్మకి ఇక్కడ కుదరలేదేమో" అంది రసజ్ఞ. తర్వాత, మడతపెట్టిన బట్టలనే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

ఆగస్టు 19

ఆఫీసు క్యాబులో రాస్తున్నాను. వాన. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి బయల్దేరిన బండి బయల్దేరిన చోటే ఉంది.

కొత్త ఫ్రిజ్ కొందామా అని పొద్దున రసజ్ఞని అడిగాను. "ఫ్రిజ్ బాలేదని ఎవరైనా కూతుర్ని వదిలేసి వెళ్ళిపోతారా?" అంది. నా దగ్గర జవాబు ఉంది. రాయను.

ఆగస్టు 20, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. చేతులు ఇంకా నల్లగా ఉన్నాయి. పేజీకి మరకలు పడుతున్నాయి, పడనీ.

వాన వల్ల ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. భోజనమయ్యాక రసజ్ఞ పడుకుంది. నేను హెడ్‌సెట్ పెట్టుకుని, మీటింగు వింటూ హాల్లో పచార్లు చేస్తున్నాను. దేవుడి అర మీంచి చామంతి ఒకటి జారి ఫ్రిజ్ కాళ్ళ దగ్గర పడింది. తీద్దామని వంగి, ఆసరాకి తెల్లగుడ్డ మీద చెయ్యి వేశాను. ఇస్త్రీపెట్టె మీద వేసినట్టయింది. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను.

ఆవిడ పూజ మూల కదా అని ఇన్నాళ్ళూ అటు వెళ్ళలేదు, అప్పుడు చూశాను. గుడ్డ పై అంచున వరసగా పసుపు, కుంకుమ బొట్లు. లేసు కన్నాల్లో చామంతులు గుచ్చి ఉన్నాయి. సిలువ మీద మాత్రం ఏమీ లేదు. దాన్ని ముట్టకుండా, చుట్టూ అంత చోటు వదిలి, మర్యాదగా పక్కన ఒక బొట్టు.

అలికిడికి అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చారు. ఇద్దరం రసజ్ఞ గది తలుపు వైపు చూశాం. అది తెరుచుకోలేదు.

"కాలిందా?" అన్నారు. నాతోనే.

"లేదండీ. అత్తయ్యగారూ, ఈ బొట్లు..."

"తప్పైతే తుడిచేస్తానండి. మీ దేవుడి గుడ్డకి పెట్టొచ్చో పెట్టకూడదో నాకు తెలీలేదు. మా దేవుళ్ళకి ఎదురుగా కట్టారు కదా. ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తే బావుండదని పెట్టాను."



"అది దేవుడి గుడ్డ కాదండీ. మా అమ్మ కుట్టిన బల్లగుడ్డ. వెనకాలంతా దుమ్ముగా ఉందని, మీ దేవుళ్ళకి కనపడకూడదని కప్పాను."

"వెనకాల కనపడకూడనిదేముందండీ?"

"ఫ్రిజ్ వీపండీ."

ఆవిడ మెల్లగా స్టూలు మీద కూర్చుని కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని హడలిపోయాను. నవ్వుతున్నారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "వచ్చిన రోజే అనుకున్నానండి, దీనికి గాలెలా ఆడుతుందా అని. మా ఇంట్లో ఫ్రిజ్ వెనకాల వెచ్చగా ఉంటుందని వానాకాలం తువ్వాళ్ళు ఆరేసేదాన్ని. మెకానిక్కు వచ్చి చివాట్లు పెట్టాడు. ఆ వేడి బయటికి పోతేనే లోపల చల్లబడుతుందట. కానీ దీనిమీద సిలువుంది. పరాయివాళ్ళ దేవుణ్ణి ఎలా తీస్తాం?" అన్నారు.

"నేనేమో లోపల చేపల వాసనొచ్చి మీరు తలుపు తీయట్లేదనుకున్నానండీ."

"వాసనేంటండీ, నిమ్మకాయ వాసన తప్ప ఏముంది దాన్లో? గుడ్డ ఎప్పట్నుంచో ఉందనీ, నేను పక్కన దీపం పెట్టాకే పాడైందనీ అనుకున్నాను. వచ్చీ రావడంతోనే పిల్లల ఫ్రిజ్ పాడుచేశాను, ఇంకా ఉంటే ఇంకేం పాడు చేస్తానో అని టిక్కెట్టు..."

అంతలో నా చెవిలో మా టీమ్ లీడ్ సాల్మన్ గొంతు వినిపించింది. "కిరణ్, మ్యూట్‌లో లేరు. మీటింగు తర్వాత చూసుకుందాం గాని, ముందు ఆ ఫ్రిజ్ సంగతి చూడండి."

చూశాం. స్విచ్చి తీసి, ప్లగ్గు పీకి, వాచ్‌మన్ బాలనర్సయ్యని పిలిచాను. అతను వచ్చి, చామంతులు పెట్టుకున్న ఫ్రిజ్‌ని కిందామీదా చూశాడు. "ఏంది సార్, దీనికి గూడ సీమంతం జేసిన్రా?" అన్నాడు. అత్తయ్యగారు మళ్ళీ కొంగు అడ్డం పెట్టుకున్నారు. ముగ్గురం పట్టి, హాలు మధ్యకి జరిపాం. "ఇగ ఫికర్ లేదు, లోపల పెట్టేటప్పుడు మళ్ల పిలువుండ్రి" అని బాలనర్సయ్య వెళ్ళిపోయాడు.

టేపు పీకి గుడ్డ తీశాను. దుమ్ము కాయిల్‌కి దూదిపరుపులాగా అతుక్కుపోయి ఉంది. నేను తడిగుడ్డ తెస్తే ఆవిడ వద్దన్నారు. "చల్లారనివ్వండి ముందు. పైగా తడి తగిలితే ఆ దుమ్మంతా బురదై ఇంకా అతుక్కుంటుంది." నేను పెయింటు బ్రష్షు పట్టుకున్నాను. ఆవిడ కొబ్బరీనెల చీపురులోంచి నాలుగు ఈనెలు లాగి, కొసలకి పాత చీరముక్క చుట్టి, తీగల సందుల్లోంచి పైనుంచి కిందికి దువ్వడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు రసజ్ఞకి జడ కూడా ఇలాగే ఓపికగా వేసుంటారు.

"ఇటు పట్టండి. గట్టిగా కాదు, తీగ వంగిపోతుంది. ఆ, అలాగ. కింద ఆ మూల మర్చిపోయారు."

నాతోనే. అన్నీ నాతోనే. మధ్యలో దుబాసీ లేదు.

కింద చిన్న ట్రేలో ఎప్పటివో నీళ్ళు నాచుపట్టి ఉన్నాయి. పారబోసి కడిగాను. దుమ్ములోంచి నేను రెండేళ్ళు వెతికిన స్కూటర్ తాళం దొరికింది. స్కూటర్ అమ్మేసి ఏడాది దాటింది.

రసజ్ఞ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్ళమ్మ ముక్కు మీద మసి, నా గడ్డం నిండా దుమ్ము. "మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?" అంది. ఇద్దరం తప్పు చేసినవాళ్ళలా చేతులు ఆపాం. అప్పుడు తను నవ్వింది చూడు, ఈ పది రోజుల్లో అలా నవ్వలేదు.

దేవుడి అరని అత్తయ్యగారే కిటికీ వైపుకి మార్పించారు. "ఈశాన్యం అటు కూడా కాస్త ఉంది లెండి" అన్నారు. అమ్మ గుడ్డని స్వయంగా ఉతికి ఆరేశారు. పసుపు మరక ఒకటి పోలేదు.

ఆగస్టు 21

పెరుగు తియ్యగా, గడ్డగా ఉంది. చెంచా నిలబడుతోంది. ఫ్రిజ్ మధ్యమధ్య చప్పుడు ఆపి ఊపిరి తీసుకుంటోంది. ఇన్నాళ్ళూ అది ఆగకుండా అరుస్తుంటే కష్టపడి పని చేస్తోందని మెచ్చుకున్నాను.

టిక్కెట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఏమంటారోనని భయం. ఇవాళ కంగారు ఉందని రాస్తున్నాను, ఎందుకంటే ఉంది.

ఆగస్టు 23, శనివారం

ఇవాళ పోలాల అమావాస్య. కడుపు చల్లగా ఉండాలని, పిల్లలు చల్లగా ఉండాలని గోదావరి జిల్లాల వైపు తల్లులు చేసే పూజట. దానికి కందమొక్క కావాలి. నిన్న నర్సరీలన్నీ తిరిగి కుండీతో సహా పట్టుకొచ్చాను. ఎంత పెద్దదంటే లిఫ్టులో నేనూ అదీ పట్టలేదు. అది లిఫ్టులో వచ్చింది, నేను మెట్లెక్కాను.

పొద్దున్నే గారెలు, బూరెలు వేసి, అత్తయ్యగారు పూజ చేశారు. పసుపుకొమ్ము కట్టిన తోరాలు చేశారు. ఒకటి మొక్కకి, ఒకటి ఆవిడకి, ఒకటి రసజ్ఞ చేతికి. నేను దూరంగా, డైనింగ్ టేబులు దగ్గర కూర్చున్నాను. పళ్ళెంలో ఇంకొక తోరం మిగిలింది.

"చెయ్యి ఇవ్వండి" అన్నారు నా వైపు చూసి.

రసజ్ఞ నన్నూ వాళ్ళమ్మనీ మార్చి మార్చి చూసింది. "మీకు అభ్యంతరమైతే వద్దులెండి" అన్నారు ఆవిడ.

"లేదండీ" అని చెయ్యి చాపాను.

"పిల్లలందరికీ కట్టాలి. ఒకరికి కట్టి ఒకరికి మానేస్తే బావుండదు" అంటూ ముడి వేశారు.

నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. గారెల పొగ అన్నాను. పొయ్యి ఆర్పేసి అప్పటికి చాలాసేపైంది, ఆ సంగతి అక్కడున్న ఇద్దరికీ తెలుసు.

ఆగస్టు 24, ఆదివారం

చర్చికి పొడుగు చేతుల చొక్కా వేసుకెళ్ళాను. బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి తోరం సంగతి చెప్పాను. అమ్మ ఏమంటుందోనని లోపల గుబులే. "గట్టిగా కట్టిందా, వదులుగా కట్టిందా?" అని అడిగింది. గట్టిగానే అన్నాను. "అయితే ప్రేమగానే కట్టింది. ఉంచుకో" అంది.

ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన అత్తయ్యగారి సంచి. రసజ్ఞ గదిలోంచి రాలేదు. ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి లోపలికి చూస్తూ నిలబడ్డారు. తోడు క్యాను సర్దుకుంటున్నారనుకున్నాను.

"అల్లుడుగారూ" అన్నారు.

వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. నన్నే.

"శ్రావణం నిన్నటితో అయిపోయింది. ఇక్కడ పండుగప్ప చేప దొరుకుతుందా?"

"చూస్తానండీ. కానీ సాయంత్రం రైలు కదండీ. వండి, మీరు తిని, స్టేషన్‌కి వెళ్ళేసరికి..."

"నాలుగు రోజులకి సరిపడా తెండి. ఫ్రిజ్ బాగానే పని చేస్తోందిగా" అని తలుపు మూశారు.

నేను సంచి వైపు చూశాను.

"అది ఖాళీదే. అటక మీద పెట్టేయండి. పురుడయ్యాక చూసుకోవచ్చు. మీ మామగారికి ఫోన్ చేసి టిక్కెట్టు క్యాన్సిల్ చేయమన్నాను. కాసేపు కోప్పడ్డారు. ఫోన్ పెట్టేముందు మాత్రం, పాల్ ఎలా ఉన్నాడు అని అడిగారు."

పాల్.

గదిలోంచి రసజ్ఞ ముక్కు చీదుతున్న చప్పుడు వినిపించింది. అప్పటిదాకా తలుపు వెనక నుంచి వింటోందన్నమాట.

సందు చివర చేపలమ్మే రేణుక దగ్గరికి దాదాపు పరుగెత్తాను. "పండుగప్పనా? పొద్దుగాలనే అయిపోయినయ్ సార్. కొరమీను ఉన్నది, జర జూడు ఎట్ల ఎగురుతున్నదో" అంది. కొరమీనే తెచ్చాను. అత్తయ్యగారు దాన్ని ఎగాదిగా చూసి, "ఈ ఊరి చేప ఇదేనా? సరే, అలవాటు చేసుకుందాం" అన్నారు.

మధ్యాహ్నం అమ్మ కుట్టిన తెల్లగుడ్డ వేసిన టేబులు మీద ముగ్గురం పులుసు పోసుకుని తిన్నాం. పసుపు మరక పక్కన పులుసు మరక కూడా పడింది. ఎవరూ తుడవలేదు.

మిగిలిన ముక్కలు ఫ్రిజ్‌లో పెట్టి, తల లోపల పెట్టి వాసన చూశాను. పక్కా చేపల వాసన. రసజ్ఞ మళ్ళీ ఫోటో తీసింది. ఈసారి నా వెనకాల అత్తయ్యగారు కూడా పడ్డారు, తనూ ఒకసారి చూస్తానని వంగి.